కొత్త తీగకు నోరెక్కువ

బేస్ గిటార్‌కు చదును చుట్టు తీగలు కొనబోతే ప్రధానంగా నాలుగు పేర్లు వినిపిస్తాయి. నాలుగూ మంచివే. కానీ ఏ పాకెట్‌లోనూ దొరకని సరుకు ఒకటుంది

గత క్రిస్మస్‌కు ముందు నేనొక ఘనకార్యం చేశాను. గుంటూరులో మా బాబాయికి చెప్పకుండా ఆయన బేస్ గిటార్ తీగలు మార్చేశాను. ఆయన వయసు 66. ముప్పై అయిదేళ్లకు పైగా ఆదివారం పొద్దున చర్చిలో, శ్రీరామనవమికీ దసరాకూ పందిళ్లలో ఆర్కెస్ట్రాతో వాయిస్తున్నారు. ఆ తీగలు వేసి 14 ఏళ్లయింది. ఉక్కు మెరుపు ఎప్పుడో పోయి, తోమని ఇత్తడి చెంబు రంగుకు తిరిగాయి. పండక్కి కొత్త బట్టలు పెట్టినట్టు కొత్త తీగలు వేద్దామనుకున్నాను. కటింగ్ ప్లేయర్‌తో పాతవి నాలుగూ టక్కుటక్కున కత్తిరించి, పాత పేపర్లో చుట్టి చెత్తబుట్టలో పడేశాను. తళతళలాడే కొత్త సెట్ బిగించాను. మర్నాడు మునిసిపాలిటీ బండి వచ్చి చెత్త ఎత్తుకుపోయింది.

బాబాయి కోప్పడలేదు. ఆ ఆదివారం వాయిస్తూ మధ్యమధ్యలో టోన్ నాబ్ తిప్పుతూనే ఉన్నారు. మధ్యాహ్నం అన్నం దగ్గర నెమ్మదిగా అన్నారు: "బాగానే ఉన్నాయిలేరా. కాకపోతే వీటికి నోరెక్కువ." నేను నవ్వేశాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, ఏదో మామూలు సంగతి అడిగినట్టే అడిగారు: "పాతవి ఎక్కడ పెట్టావు నాన్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. పాతవి తిరిగి తేలేను గనక, వాటిలాంటివి తెద్దామని బయల్దేరాను. జనవరి నుంచి సెప్టెంబరు దాకా నాలుగు సెట్లు తెప్పించాను. అదే గిటార్, అదే ఆంప్లిఫయర్, అదే చెయ్యి. ఒక్కో సెట్‌ను కనీసం ఐదారు ఆదివారాలు ఉంచి, చర్చి హాల్లో చిట్టచివరి బెంచీలో కూర్చుని విన్నాను. ఈ వారం కాలమ్ ఆ ప్రయాస ఫలితం.

ముందు అసలు తేడా ఏమిటో చూద్దాం. బేస్ గిటార్ తీగ ఒంటి తీగ కాదు. లోపల సన్నని ఉక్కు తీగ, దాని మీద మరో లోహపు తీగ చుట్టు ఉంటాయి. పై చుట్టు గుండ్రని తీగతో వేస్తే అది రౌండ్‌వౌండ్. వేలు జారిస్తే స్ప్రింగ్ మీద జారినట్టు గరగరమంటుంది. పై చుట్టును గుండ్రని తీగతో కాక సన్నని రిబ్బన్ లాంటి పట్టీతో వేస్తే అది ఫ్లాట్‌వౌండ్. వయొలిన్ తీగను వేలితో తాకి చూసినవారికి ఈ నునుపు పరిచయమే. నేటి వయొలిన్ తీగల్లో పై చుట్టు ఉన్నవాటికి దాదాపు అన్నిటికీ ఉండేది ఈ చదును చుట్టే. గమకం పలికే వేలికి గరగర అడ్డం కాకూడదు కదా.

నునుపు ఒక్కటే అయితే ఇంత కథ అక్కర్లేదు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మిగతా మూడూ వరసగా 55, 73, 98 సార్లు. తీగ మీటినప్పుడు ఈ మూల స్వరం ఒక్కటే పుట్టదు. దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పై స్వరాలు కూడా పుడతాయి. ఆ పై స్వరాలే శబ్దానికి మెరుపునిస్తాయి. గుండ్రని చుట్టు వాటిని ధారాళంగా పలకనిస్తుంది. చదును పట్టీల చుట్టు బిరుసుగా ఉంటుంది, పట్టీలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి కూడా. దాంతో పై స్వరాలు త్వరగా అణగిపోయి, కింది స్వరం ముందుకొస్తుంది. బాబాయి "నోరు" అన్నది ఆ పై స్వరాలనే.

టోన్ నాబ్ తగ్గిస్తే సరిపోదా అన్నది అందరూ అడిగే ప్రశ్న. నేనూ అడిగాను. సరిపోదు. నాబ్ చేసే పని పైభాగాన్ని కోసెయ్యడం. తీగ ఎలా మొదలవుతుంది, ఎంతసేపు మోగుతుంది, ఎంత త్వరగా ఆగుతుంది అన్నవి నాబ్ చేతిలో లేవు. చదును తీగ దబ్ మని మొదలై, తన మాట చెప్పి తప్పుకుంటుంది. డ్రమ్ములో పెద్ద డోలు దెబ్బతో కలిసిపోతుంది. పాట పాడేవారికి కావలసిన చోటు వదిలేస్తుంది.

ఈ వాద్యం పుట్టుకే అందుకు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. నిలువెత్తు డబుల్ బేస్‌ను మోయలేక అవస్థపడేవాళ్లు భుజానికి తగిలించుకుని వెళ్లగల వాద్యం అది. శబ్దం మాత్రం ఆ పెద్ద వాద్యానికి దగ్గరగా ఉండాలి. అందుకే ఆ తొలి రోజుల్లో ఎలక్ట్రిక్ బేస్ మీద ఎక్కువగా కనిపించినవి చదును తీగలే. ఫెండర్ బేస్ బ్రిడ్జి మీద ఇనుప మూత, దాని అడుగున తీగలకు ఆనుకుని స్పాంజి ముక్క కూడా ఉండేవి. మోత ఎక్కువ కాకుండా అణచడమే స్పాంజి పని. బీటిల్స్ రోజుల్లో పాల్ మెకార్ట్నీ హాఫ్నర్ మీద ఉన్నవీ, లాస్ ఏంజలెస్ స్టూడియోల్లో కేరల్ కే ప్లెక్ట్రంతో వాయించినవీ చదును తీగలే.

ఈ తీగల కథలో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్ నగరంలో మోటౌన్ రికార్డింగ్ కంపెనీకి ఆస్థాన బేస్ వాద్యకారుడు. 1960లలో అమెరికా రేడియోలో మోగిన మోటౌన్ పాటల్లో లెక్కలేనన్నిటికి ఆయనే పునాది. ఆయన వాద్యం 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. దాని మీద లా బెల్లా కంపెనీ లావు తీగలు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో మీటేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగకు పట్టిన మురికిలోనే ఆ పాట పస ఉందని ఆయన నమ్మకం. ఇంత చేసినా, చాలా ఏళ్లపాటు ఆల్బమ్ అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద మోటౌన్ వాద్యకారుల పేర్లు వేసినప్పుడు గానీ ఆయన ఎవరో శ్రోతలకు తెలియలేదు. 1983లో 47 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఆ గిటార్‌ను, దాని మీది తీగలతో సహా, దొంగలెత్తుకుపోయారు. ఆ ముక్క చదివినప్పుడు నా కళ్ల ముందు మునిసిపాలిటీ బండి కదలాడింది.

మరి లోకం గుండ్రని చుట్టు వైపు ఎందుకు మళ్లింది? అదీ సకారణంగానే. ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ తీగల కంపెనీ పెట్టిన జేమ్స్ హౌ, 'ద హూ' బృందం బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి 1966లో బేస్‌కు గుండ్రని చుట్టు తీగలు తయారుచేశాడు. ఎంట్‌విజిల్‌కు కావలసింది పియానో తీగలాంటి మోత. గిటార్, డ్రమ్స్ హోరు మధ్య తన స్వరం కూడా వినపడాలని ఆయన పట్టుదల. 1976లో జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని బేస్ మీద ఇలాంటి తీగలతోనే ఆ వాద్యం చేత పాట పాడించాడు. ఆ తర్వాత దుకాణానికి వెళ్లి బేస్ తీగలు అడిగితే రౌండ్‌వౌండ్ ఇవ్వడమే ఆనవాయితీ అయింది. మన ఊళ్లలో ఇప్పటికీ అంతే. నేను పండక్కి కొన్నదీ అదే. షాపులో అడిగింది "మంచి సెట్" అని. ఎవరికి, ఏ పాటకు అని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంకో న్యాయమైన కారణం కూడా ఉంది. 41 కంపనాల స్వరాన్ని మన సెల్‌ఫోన్ స్పీకర్ పలకలేదు. చిన్న స్పీకర్లో బేస్ వినిపించినట్టనిపిస్తే, దాని పై స్వరాలు విని మన మెదడే కింది స్వరాన్ని ఊహించుకుంటోందని అర్థం. పై స్వరాలు తక్కువున్న చదును తీగ ఫోన్లో దాదాపు మాయమైపోతుంది. ఫోన్లో పాట వినే పిల్లలకు రౌండ్‌వౌండ్ నచ్చడంలో వింతేమీ లేదు. బాబాయి చెవి తయారైంది ఫోన్లో కాదు, పందిరి స్పీకర్ల ముందు. ఇళయరాజా పాటల్లో బేస్ వరస తాళం కోసం మాత్రమే ఉండదు. అదొక రెండో పాటలా పల్లవి కింద నడుస్తుంది. రేడియోలో సగం వినపడే ఆ వరసను పందిట్లో అరికాళ్లతో వినేలా చెయ్యడమే తమ పని అంటారు ఆయన.

ఇక సెట్ల సంగతి. మందం కొలతలు అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 45 అంటే మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, 105 అంటే రెండున్నర మిల్లీమీటర్ల పైమాటే.

మొదట డాడారియో క్రోమ్స్. న్యూయార్క్ రాష్ట్రంలో తయారీ. కొలతలు 45, 65, 80, 100. ఈ నాలుగింటిలో నాకు తేలిగ్గా దొరికింది ఇదే. చేతికి అద్దంలా నునుపు. కానీ చదును తీగల్లో దీనికి మెరుపెక్కువ. మొదటి రెండు వారాలు కళ్లు మూసుకుని వింటే ఇది ఫ్లాట్‌వౌండేనా అని అనుమానం వచ్చింది. ఐదో ఆదివారానికి కాస్త తగ్గింది. రౌండ్‌వౌండ్‌కు అలవాటుపడిన కుర్రవాళ్లు మొదటిసారి ఇటు రావాలంటే నేను చూపించే తోవ ఇది. ఎందుకంటే పాతదాన్ని ఒక్కసారిగా వదులుకోమనదు. బాబాయి మాట: "సరుకు మంచిదే. ఇంకా పెళ్లి కొడుకులా ఉంది."

రెండోది థొమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్. వియన్నాలో 1919లో మొదలైన కంపెనీ. వయొలిన్ వాళ్లకు ఈ పేరు కొత్త కాదు, 1970లో వచ్చిన డామినెంట్ తీగలు వీళ్లవే. బేస్ సెట్ కొలతలు 43, 56, 70, 100. పై చుట్టు నికెల్. నాలుగింటిలో ఖరీదైనది కూడా ఇదే. బిగి చాలా తక్కువ. నొక్కితే మెత్తగా లొంగుతుంది. తీగ గొంతు మధ్యలో నిండుగా, మనిషి హమ్ చేస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో, చిన్న ఆంప్లిఫయర్‌తో, ఒక్కరే కూర్చుని వాయిస్తే ఇంత అందమైన తీగ మరొకటి లేదని ఒప్పుకుంటాను. అయితే బాబాయిది బరువు చెయ్యి. పందిళ్లలో ముప్పై అయిదేళ్లు వాయించిన చెయ్యి. ఆయన మీటితే ఈ తీగ ఊగి ఫ్రెట్లకు కొట్టుకుంది. తీగల ఎత్తు పెంచాం, కొంత నయమైంది, పూర్తిగా కాదు. "ఇది నెమ్మదిగా మాట్లాడేవాళ్ల తీగరా, నాకు ఈ వయసులో కొత్త మర్యాదలు రావు," అన్నారు. లోపం తీగలో లేదు, జోడీలో ఉంది. మీది తేలిక చెయ్యి అయితే, ఫ్రెట్లు లేని బేస్ అయితే, వేళ్ల కీళ్లు నొప్పి పెడుతుంటే, డబ్బు చూసుకోకుండా దీన్నే కొనండి.

మూడోది రోటోసౌండ్ జాజ్ బేస్ 77. గుండ్రని చుట్టుకు ప్రసిద్ధమైన ఆ ఇంగ్లండ్ కంపెనీదే ఈ చదును సెట్. పై చుట్టు మోనెల్ అనే నికెల్, రాగి మిశ్రమం. కొలతలు 45, 65, 85, 105. బిగి ఎక్కువ, గొంతులో చిన్న గురగుర ఉంది. చర్చిలో కీర్తనకు పొసగలేదు గానీ, ఒక శనివారం సాయంత్రం ఆర్కెస్ట్రా రిహార్సల్లో వేగం పాటలకు ఇదే నిలబడింది. డ్రమ్స్ కుర్రవాడు వచ్చి మరీ మెచ్చుకున్నాడు.

నాలుగోది లా బెల్లా. జేమర్సన్ వాడిన కంపెనీ. ఇదీ న్యూయార్క్ రాష్ట్రంలోనిదే. తమాషా ఏమిటంటే లా బెల్లాను మొదలుపెట్టిన మారి కుటుంబం, డాడారియో కుటుంబం, రెండింటి మూలాలూ ఇటలీలో సాలే అనే కొండ ఊళ్లోనే. జంతువుల పేగులతో తీగలు చేసే వృత్తి ఆ ఊరిది. ఆశ కొద్దీ జేమర్సన్ కొలతల సెట్, 52, 73, 95, 110, తెప్పిద్దామనుకున్నాను. బాబాయే వద్దన్నారు. అంత లావు తీగల బిగికి పాత గిటార్ మెడ వంగుతుంది, లోపలి ట్రస్ రాడ్ బిగించుకోవాలి, నట్ గాళ్లు వెడల్పు చేయించాలి. "ఆయన చెయ్యి ఆయనది. నాకు అవెందుకు?" అన్నారు. కాబట్టి అదే కంపెనీలో మామూలు సెట్ 45, 65, 85, 105 వేశాం. మొదటి రోజునుంచే శబ్దం బరువుగా, గుండ్రంగా ఉంది. బొటనవేలితో మీటితే తలుపు అవతల ఎవరో మద్దెల కొట్టినట్టు. చివరి బెంచీలో నాకు పాతికేళ్ల నుంచి తెలిసిన శబ్దానికి నాలుగింటిలో ఇదే దగ్గర. దగ్గర అన్నాను, అదే అనలేదు.

ఇక్కడే నాకు అనుమానం మొదలైంది. నేను వెతుకుతున్నది కంపెనీనా, మరొకటా?

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ బృందం కచేరీ జరిగింది. మన దేశంలో వాళ్ల మొదటి కచేరీ అది. హైదరాబాద్ నుంచి రైళ్లలో, బస్సుల్లో వెళ్లిన కుర్రవాళ్లకు లెక్కలేదు. ఆ బృందం బేస్ వాద్యకారుడు స్టీవ్ హారిస్ శబ్దం గుర్రం డెక్కల చప్పుడులా టకటకలాడుతుంది. అది గుండ్రని చుట్టేనని ఎవరైనా అనుకుంటారు. కాదు. హారిస్ వాడేది రోటోసౌండ్ చదును తీగలే, 50 నుంచి 110 దాకా లావువి. ఆయన పేరుతోనే అమ్ముతారు. రహస్యం ఏమిటంటే ఆయనకు ప్రతి కచేరీకీ కొత్త తీగలు కావాలి. కొత్త చదును తీగలో ఇంకా ఉక్కు గొంతు ఉంటుంది. ఆయన వేళ్ల దెబ్బ దాన్ని ఫ్రెట్ల మీద మోగిస్తుంది.

ఇప్పుడు జేమర్సన్‌ను, హారిస్‌ను పక్కపక్కన నిలబెట్టండి. ఇద్దరివీ చదును తీగలే. ఇద్దరివీ లావు కొలతలే. ఒకాయన తెగేదాకా మార్చడు, ఇంకొకాయన రోజూ మారుస్తాడు. ఒకరి శబ్దం పరుపు మీద పడ్డ పిడికిలి, మరొకరిది రేకు మీద రాళ్లవాన. రెండు కంపెనీల మధ్య ఇంత తేడా నాకు ఎక్కడా వినపడలేదు. తీగ వయసులో వినపడింది. మీటే చేతిలో వినపడింది.

తీగకు వయసు రావడమంటే వేలి చెమట, నూనె, చర్మపు పొట్టు చుట్ల మధ్య చేరడం. అలా చేరినవి కంపనాన్ని, అందులోనూ పై స్వరాలను, అణచివేస్తాయి. రౌండ్‌వౌండ్‌కు గాళ్లెక్కువ గనక కొద్ది వారాల్లోనే మూగబోతుంది. గుంటూరు, విశాఖ, చెన్నై ఉక్కపోతల్లో ఇంకా త్వరగా. అందుకే వాటిని నీళ్లలో మరగబెట్టి మురికి వదిలించి మళ్లీ బిగించే చిట్కా బేస్ వాళ్లలో ఉంది. వాళ్లకు కావలసిన మెరుపు పోతుంది గనక ఆ తంటాలు. చదును తీగకు గాళ్లు తక్కువ, మురికి చేరడం నెమ్మది. చేరినా నష్టం లేదు. పోయేది ఎలాగూ మనం వద్దనుకున్నదే. కొత్త ఊరగాయ కారం తగ్గి ఊట దిగినట్టు, ఏళ్లు గడిచేకొద్దీ దాని గొంతు కుదుటపడుతుంది.

తెలియక నేను చేసిన నేరం అదీ. మెరుపు పోయిందంటే పాడైందని అనుకున్నాను. పాడైన చదును తీగకు గుర్తులు వేరు. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, విడి తీగ స్వరం శ్రుతిలో కలవకపోవడం, పై పట్టీ లేచి వేలికి గుచ్చుకోవడం, తుప్పు గరుకు తగలడం. ఇవి కనిపిస్తే మార్చండి. రంగు చూసి మార్చకండి.

కొనదలచినవారికి ఈ తొమ్మిది నెలల్లో నేర్చుకున్నవి కొన్ని. ముందు డబ్బు పెట్టకండి. గిన్నెలు తోమే స్పాంజిని చిన్న ముక్క కోసి బ్రిడ్జి దగ్గర తీగల కింద దోపి చూడండి. ఆ అణగిన శబ్దం మీకు నచ్చకపోతే ఫ్లాట్‌వౌండ్ కూడా నచ్చకపోవచ్చు. నచ్చితే అప్పుడు సెట్ కొనండి. మామూలు రౌండ్‌వౌండ్ సెట్ కన్నా ఖరీదు బాగా ఎక్కువే గానీ, ఏళ్ల తరబడి ఉంటుంది గనక లెక్క వేసుకుంటే గిట్టుబాటే. మీ గిటార్ స్కేల్ పొడుగు కొలుచుకోండి. ఫెండర్ తరహా బేస్‌కు 34 అంగుళాలు. పొట్టి స్కేల్ గిటార్‌కు పొడుగు సెట్ వేస్తే లావు భాగం కీల దాకా వచ్చి, చుట్టేటప్పుడు విరిగే ప్రమాదం ఉంది. తీగలన్నీ ఒక్కసారే విప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి మార్చండి. కత్తిరించే ముందు, కోసే చోటుకు ఇవతల తీగను నిలువుగా వంచండి. లేదంటే పై పట్టీ ఊడి సెట్ వృథా అవుతుంది. మెడ వంపు, తీగల ఎత్తు మళ్లీ సరిచూసుకోండి. వేసిన వారానికే తీర్పు చెప్పకండి, కనీసం రెండు నెలలు వాయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, పాత తీగలను కత్తిరించకండి. నెమ్మదిగా విప్పి, చుట్ట చుట్టి, ఏ తీగ ఏదో చీటీ రాసి దాచండి. కొత్తవి నచ్చకపోతే మళ్లీ వేసుకోవచ్చు. కత్తిరించిన తీగ కీకి అందదు. నా దగ్గర ఆ చుట్ట ఉండి ఉంటే ఈ కాలమ్ రాసే పని ఉండేది కాదు.

సెప్టెంబరులో లా బెల్లా సెట్ వేశాక బాబాయి ఇక చాలన్నారు. దసరా పందిట్లో వాటితోనే వాయించారు. ఎలా ఉందని అడిగాను. "బాగుందిరా. పదేళ్లు వాయిస్తే ఇదీ అవుతుందిలే," అన్నారు, చాలా మామూలుగా. నేను మనసులో 66కు పది కలుపుకున్నాను. ఆయన నా మొహం చూసి ఉండాలి. ఇంకేమీ అనలేదు.

మొన్న గుంటూరు వెళితే ముందుగది లోంచి బేస్ వినపడింది. చెయ్యి బాబాయిది కాదు. మా తమ్ముడి కొడుకు, పద్నాలుగేళ్లవాడు, కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఒకే నాలుగు స్వరాలు పదేపదే మీటుతున్నాడు. ఇదివరకు ఆ గిటార్‌ను ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు రోజూ స్కూలు నుంచి రాగానే గంటసేపు వాయించమన్నారట. వాడు వచ్చే ముందు చేతులు కడుక్కోవాలా అని అడిగితే వద్దన్నారట.

"ఇదేంటి బాబాయ్?" అన్నాను.

"ఒక్కడి చెయ్యి ఎప్పటికి సరిపోద్దిరా? తీగ నలగాలి కదా," అన్నారు.

లోపల కుర్రవాడు మూడో స్వరం తప్పు కొట్టాడు. బాబాయి లేచి లోపలికి వెళ్లారు.